మూడుసార్లు కట్ చేసిన ఫోన్

ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లను మీరు చాలామందినే చూసి ఉంటారు. చేరకముందే పోగొట్టుకున్న ఘనుణ్ని చూడాలంటే ఇటు తిరగండి.

ఉద్యమం రోజులవి. ఆనాడు జనగామ బంద్. పొద్దున్నే జెండా పట్టుకుని బజారులో కొట్లన్నీ మూయించింది ఎవరనుకున్నారు? నేనే. కిరాణా సేటునైతే మరీ దబాయించాను.

"సేటూ, షట్టర్ దించు! పొద్దుగూకేదాక సూది గూడ అమ్మొద్దు!"

"తమ్మీ, జర ఒక మాట..."

"మాటల్లేవు, దించు!"

దించాడు. నేను ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ఒక ముద్ద తిన్నానో లేదో, ఫోన్‌కు మెసేజీ వచ్చింది. ఫోన్ కంపెనీ పంపిందట. 'మీ నంబరు అరగంటలో ఆగిపోతుంది. వెంటనే మూడు రీచార్జి కార్డుల అంకెలు ఈ నంబరుకు పంపండి. అప్పటిదాకా ఏ ఫోనూ ఎత్తకండి.'

నంబరు ఆగితే నా పని అంతే. భూపాలపల్లిలో బొగ్గు లారీల కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టి, పిలుపు కోసం ఎదురుచూస్తున్నాను. వాళ్లకిచ్చింది ఈ నంబరే. మా అవ్వ అప్పటికే నా చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టింది కూడా.

కార్డులు అమ్మే కంపెనీ నన్నెందుకు కార్డులు అడుక్కుంటుంది? ఈ ప్రశ్న మీకు వచ్చింది. నాకు రాలేదు. అరగంట అన్న మాట చదవగానే నా బుర్రకు కూడా షట్టర్ పడింది.

ఎంగిలి చేత్తోనే సేటు దగ్గరికి ఉరికాను.

"సేటూ, జర షట్టర్ లేపు! మూడు కార్డులు కావాలె!"

"సూది గూడ అమ్మొద్దంటివి గద తమ్మీ?"

"నేను సూది అడుగుతలేనే! అర్జెంటు!"

సేటు అటూ ఇటూ చూసి షట్టర్ మోకాలెత్తు లేపాడు. పొద్దున సింహంలా గర్జించిన నేను ఉడుములా పాకుతూ లోపలికి దూరాను. కార్డులు గీకి, అంకెలు కొడుతుంటే ఫోన్ మోగింది. ఏదో తెలియని నంబరు. కట్ చేశాను. మళ్లీ మోగింది. మళ్లీ కట్.

"ఎవరో ఏందో, ఎత్తరాదు?" అన్నాడు సేటు.

"ఎత్తొద్దన్నరు!" అని మూడోసారీ కట్ చేసి, అంకెలన్నీ పంపి, చెమట తుడుచుకున్నాను. "హమ్మయ్య, నంబరు దక్కింది సేటూ!"

సేటు నా మెసేజీ చదివి తన ఫోన్ తీసి చూపించాడు. అక్షరం పొల్లుపోకుండా అదే మెసేజీ.

"నాకు నిన్ననే వచ్చింది. మహబూబాబాద్‌ల మా బామ్మర్దికీ వచ్చిందట. దొంగలు తమ్మీ!"

"మరి చెప్పకపోతివి?"

"చెప్పనిస్తివా? దించెటప్పుడూ ఆగవైతివి, లేపెటప్పుడూ ఆగవైతివి."

అప్పుడు గుర్తొచ్చింది, ఆ తెలియని నంబరు. తిరిగి చేద్దామంటే నా ఫోన్‌లో రూపాయి లేదు, కార్డులన్నీ దొంగకు పెట్టాను. సేటు ఫోన్ అడుక్కుని చేశాను.

"భూపాలపల్లి ఆఫీసు. ఎవరు?"

పేరు చెప్పాను.

"నువ్వేనా? మూడుసార్లు చేస్తే మూడుసార్లు కట్ జేస్తివి! నౌకరీ అక్కెర లేదేమోనని ఇంకొకల్ని పిలిచినం."

ఫోన్ సేటుకు తిరిగిచ్చాను. అతని షట్టర్ మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఎవడు అర్జెంటన్నా ముందు అన్నం తింటాను, చెయ్యి కడుక్కుంటాను, సేటును అడుగుతాను, సేటు చెప్పేది చివరిదాకా వింటాను.

అరగంటలో ఆగిపోతుందన్న నంబరు ఇన్నేళ్లయినా ఆగలేదు. అందరూ ఫోన్ చేస్తున్నారు, ఒక్క భూపాలపల్లి వాళ్లు తప్ప.