బంగళా తోటలో బావి

బారువకు కాస్త ఇవతల, ఇసుక దిబ్బ మీద ఒక బంగళా ఉండేది. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే బాబుగారి తాత వేసవి గాలి కోసం కట్టించాడట. టేకు తలుపులు, సముద్రం వైపు పొడుగాటి వరండా. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు, ఇసుకలో తోట పెంచి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ పని అక్కడ తోటమాలిగా కుదిరిన మా నాన్న చేశాడు. గోతిలో గుప్పెడు ఉప్పు వేసి కొబ్బరి మొక్కలు నాటాడు. సంపెంగలకూ నందివర్ధనాలకూ కావిడితో నీళ్లు మోశాడు. పేరు మాత్రం బాబుగారి తోట.

ఆ నీళ్లు తోటలోని బావివే. సముద్రం పక్కన అంత మంచి నీళ్లు పడ్డాయని నాన్నకు ఒకటే గొప్ప. బంగళాకు చుట్టాలెవరొచ్చినా ముందు చెంబు అందించేవాడు. మేమూ అవే తాగి పెరిగాం.

తొంభైల చివర్లో ఒక తుఫానుకు వరండా కప్పు లేచిపోయింది, కొబ్బరి చెట్లు సగానికి సగం కూలాయి. బాబుగారి పిల్లలు విశాఖపట్నంలో స్థిరపడి ఇటు చూడటం మానేశారు. తలుపులు ఎవరో పీక్కుపోయారు. నాన్న మాత్రం రోజూ వెళ్లి మిగిలిన మొక్కలకు నీళ్లు పోసేవాడు. జీతం లేని కొలువని నేను దెప్పేదాన్ని.

కొన్నేళ్లకు నాన్న కాళ్లు వాచాయి. కిడ్నీలు పాడయ్యాయన్నారు. మా ఉద్దానంలో చాలా ఇళ్లలో అదే జబ్బు. నీళ్ల వల్లేనని కొందరు, కాదని కొందరు. ఎవరూ తేల్చలేదు గానీ అమ్మ తేల్చేసింది. ఆ బావి నీళ్లు ఇంట్లోకి రానివ్వలేదు. కొన్న డబ్బా నీళ్లే ఇచ్చేది.

"నా బావి ఏటి సేసిందే? తోటంతా ఆ నీళ్లకే బతికింది కదా," అనేవాడు నాన్న.

"తోటకి కిడ్నీల్లేవు మావా," అనేది అమ్మ.

ఒక సాయంత్రం నన్ను దగ్గరకు పిలిచాడు. "ఒలమ్మీ, మీకూ ఆ నీళ్లే పోసేను కదా," అన్నాడు. చావు కంటే ఆ భయమే ఆయన్ని ఎక్కువ తినేసింది. నాకు అందరి మీదా కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆఖరి రోజు నోట్లో తులసి నీళ్లు పోయమన్నారు పెద్దవాళ్లు. నేను డబ్బా వంచబోతే అమ్మ ఆపింది. తనే చెంబు పట్టుకుని ఆ పాడుబడ్డ తోటలోకి వెళ్లి నీళ్లు తోడి తెచ్చింది.

"నీ బావి నీళ్లే మావా," అంటూ చెంచాతో పోసింది. గుటక పడింది. నాన్న కళ్లు అమ్మ మీదే ఉన్నాయి. ఆయన చూస్తుండగానే చెంబులో మిగిలిన నీళ్లు అమ్మ గడగడా తాగేసింది.