నాలుక కింద పిప్పరమెంటు

గుండీలక్క మొగుడు టైలరు మాస్టరు. ఆయన కత్తెర పడితే ఎంత వంకర ఒళ్ళయినా కోటులో తిన్నగా నిలబడుతుంది. ఆ మాట ఆయన శత్రువులు కూడా ఒప్పుకుంటారు. శత్రువులంటే ఇంకెవరో కాదు, కుట్టడానికి బట్టలిచ్చినవాళ్ళే. ఇస్తానన్న రోజుకి ఆయన ఏదీ ఇచ్చిన పాపాన పోలేదు. మాట ఇవ్వడం మాత్రం ఆయనకి మంచినీళ్ళు తాగినంత తేలిక. ఆదివారం కావాలన్నవాడికి శనివారమే ఇస్తాననేవాడు, శనివారం కావాలన్నవాడికి శుక్రవారం అనేవాడు. గట్టిగా అడిగితే నిన్ననే ఇచ్చేస్తానని కూడా అనగలడు.

కొట్టు పెద్దదేం కాదు. ముందు బట్ట కత్తిరించే బల్ల, పక్క గోడకి నిలువుటద్దం, వెనక కిటికీ కింద ఆవిడ మిషను. గుండీలు, కాజాలు, అంచు మడతలు ఆవిడ వంతు. అందుకే వీధివీధంతా ఆవిడని గుండీలక్క అంటుంది. పెళ్ళయిన దగ్గర్నించి ఆ కిటికీ దగ్గర కూచుని, ఆయన చెప్పే అబద్ధాలు వింటూ గుండీలు కుడుతోంది. వినీ వినీ ఏ గొంతుతో చెప్పేది ఏ రకం అబద్ధమో తల ఎత్తకుండా చెప్పగలదు.

రెండేళ్ళ కిందట ఆయన మెట్లెక్కుతుంటే ఛాతీ మీద ఇస్త్రీపెట్టె పెట్టినట్టయింది. గుండెకి రక్తం తీసుకెళ్ళే గొట్టాల్లో కొవ్వు పేరుకుందన్నాడు డాక్టరు. రక్తం గడ్డ కట్టకుండా పొద్దున ఒక మాత్ర, గుండె నెమ్మదిగా కొట్టుకోవడానికి ఒకటి, కొవ్వు తగ్గడానికి రాత్రి పడుకునే ముందు ఒకటి. ఇవి కాక చిన్న గాజుసీసాలో ఇంకో రకం. అవి మింగేవి కావు. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే కూచుని ఒకటి నాలుక కింద పెట్టుకోవాలి, అయిదు నిమిషాల్లో తగ్గకపోతే ఆస్పత్రికి పరిగెత్తాలి. సీసా ఎప్పుడూ జేబులోనే ఉండాలి.

మాస్టరు ఆ మాత్రలన్నిటితోనూ తనదైన పద్ధతిలో కాపురం మొదలుపెట్టాడు. రాత్రి మాత్ర ఉంది కదా అని పగలంతా వేపుళ్ళ మీద పడ్డాడు. "కొవ్వు సంగతి అది చూసుకుంటుందే, నువ్వు వడ్డించు" అనేవాడు. గుండీలక్క వడ్డించేది కాదు. పొద్దుటి మాత్ర పుణ్యమా అని సూది గుచ్చుకుంటే రక్తం ఓ పట్టాన ఆగేది కాదు. అంతే, తెల్లచొక్కాల పనంతా ఆవిడ నెత్తిన పడింది. ఇక నాలుక కింది మాత్ర సంగతి చెప్పాలంటే అదొక పెద్ద కథ.

ఒక రోజు లాయరుగారు నల్లకోటు కోసం నాలుగోసారి వచ్చి, బల్ల గుద్ది, కోర్టుకీడుస్తానని కేకలేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మాస్టరుకి నొప్పి వచ్చింది. ఉత్తుత్తిది కాదు, నిజం నొప్పే. సీసా తీసి మాత్ర నాలుక కింద పెట్టుకుని కూలబడ్డాడు. లాయరుగారి కోపం ఎటుపోయిందో పోయింది. మంచినీళ్ళు తెచ్చిచ్చి, దస్త్రంతో విసిరి, "కోటుదేముందండీ, ప్రాణం ముఖ్యం, నెమ్మదిగానే కుట్టండి" అని చెప్పులు చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు. మాస్టరు నొప్పి తగ్గాక కళ్ళు తెరిచి, లాయరు వెళ్ళిన దిక్కు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన మంచిది కాదని గుండీలక్కకి అప్పుడే తెలిసింది.

అది మొదలు. ఎవరైనా గొంతు పెంచితే చాలు, మాస్టరు చేతిలో కత్తెర దభీమని కింద పడేది. టేపు మెడలోంచి జారేది. "అమ్మో... సీసా... సీసా" అని ఆయన వేసే కేక వీధి మలుపు దాకా వినపడేది. అవతలివాడు గజగజలాడిపోయి, వీలుంటే ఆయన కాళ్ళు పట్టి, వారం గడువిచ్చి పోయేవాడు. వాడు గుమ్మం దాటగానే మాస్టరు లేచి బట్ట మీద సుద్దగీత గీసుకునేవాడు. ఇంట్లో కూర చప్పగా ఉందన్నప్పుడూ అదే వేషం. గుండీలక్క తమ్ముడొస్తున్నాడని తెలిస్తే మరీనూ.

"ఏవండీ, రేపు నిజంగా నొప్పొస్తే నాకెలా తెలుస్తుంది?" అని అడిగిందావిడ ఒకనాడు, నవ్వకుండా.

"నా మొహం చూస్తే తెలియదుటే?" అన్నాడాయన.

"మీ మొహం చూసి ఇప్పటిదాకా ఎవరికేం తెలిసింది?"

ఆయన గుండె పట్టుకున్నాడు. ఆవిడ అక్కడితో ఆ మాట ఆపేసింది కానీ, ఆ భయం మాత్రం ఆవిడ గుండెలోనే ఉండిపోయింది. రాత్రిళ్ళు ఆయన గురక కాసేపు ఆగినా లేచి చూసేది.

కొన్నాళ్ళకి చొక్కా ఉతకబోతూ జేబులోంచి సీసా తీస్తే గుప్పుమని పిప్పరమెంటు వాసన. మూత తిప్పి ఒకటి నాలుక మీద వేసుకుంది. చల్లగా, తియ్యగా కరిగిపోయింది. సంగతి ఇట్టే అర్థమైంది. అసలు మాత్ర పెట్టుకుంటే తల పగిలిపోయేలా నొప్పెడుతుంది. రోజుకో వేషం వేసేవాడికి రోజుకో తలనొప్పి ఎక్కడ కుదురుతుంది? అందుకని అసలువి పారబోసి పిప్పరమెంటు బిళ్ళలు నింపుకున్నాడు మహానుభావుడు. గుండీలక్క కుళాయి గట్టు మీదే కూలబడింది. నిజంగా నొప్పొచ్చిననాడు ఈయన నాలుక కింద ఏం పెట్టుకుంటాడు? మిఠాయా? ఆవిడకి మొదట ఏడుపొచ్చింది. తరవాత ఒళ్ళు మండింది. ఒళ్ళు మండాక బుర్ర బాగా పనిచేసింది.

అడిగితే ఏం లాభం, మళ్ళీ గుండె పట్టుకుంటాడు. మందుల కొట్టుకి వెళ్ళి చీటీ చూపించి కొత్త సీసా తెచ్చింది. పిప్పరమెంట్లున్న సీసా తీసేసి, దీన్ని జేబులో పెట్టి ఊరుకుంది.

మర్నాడు స్కూలు యూనిఫారాల గురించి హెడ్‌మాస్టరుగారు వచ్చి గొంతు పెంచాడు. కత్తెర పడింది, టేపు జారింది, కేక వినపడింది. మాత్ర నాలుక కిందికి వెళ్ళింది. హెడ్‌మాస్టరుగారు జాలిపడి వెళ్ళిపోయాడు. మాస్టరు అలవాటుగా లేవబోయి, కళ్ళు తిరిగి మళ్ళీ కూచున్నాడు. మొహం ఎర్రబడింది. కణతలు రెండూ చేతుల్తో నొక్కుకున్నాడు.

"ఏమైందండీ?" అంది గుండీలక్క, దారం కొరుకుతూ.

"ఎండలే, ఎండ."

"తలనొప్పా?"

"అబ్బే! నాకు తలనొప్పేమిటి?"

దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయన పని. తలనొప్పని చెప్తే పిప్పరమెంట్ల సంగతి బయటపెట్టాలి. తెలివైనవాడితో ఉన్న సుఖమేమిటంటే, వాడికి లోకం మీదంతా అనుమానం వస్తుంది కానీ తన తెలివి మీద రాదు. మాస్టరు సరాసరి మిఠాయి కొట్టు మీదికి పోయాడు. ఆ సాయంత్రం కొట్టువాడు గుండీలక్కని ఆపి మొరపెట్టుకున్నాడు.

"అక్కా, మా పిప్పరమెంట్లలో ఘాటు లేదంట, పైగా తింటే తలనొప్పొస్తోందంట. కల్తీ సరుకమ్ముతున్నానని నలుగుర్లో తిట్టాడు మీ ఆయన!"

"కాలం అలా ఉందిలే బాబూ, దేన్నీ నమ్మలేం" అంది గుండీలక్క, వస్తున్న నవ్వు ఇంటికొచ్చేదాకా ఆపుకుని.

మాస్టరు మిఠాయి కొట్టు మార్చాడు. ఆవిడ మళ్ళీ సీసా మార్చింది. ఇంకో కొట్టు, ఇంకోసారి. పాపం, మూడు కొట్లవాళ్ళు తిట్లు తిన్నారు. వేషాలు మాత్రం బాగా తగ్గాయి. తగ్గిన వేషాల మూలంగా కొన్ని బట్టలు చెప్పిన రోజుకే తయారవడం మొదలైంది. వీధిలో అదొక వింతగా చెప్పుకున్నారు.

అలా తయారైనవాటిలో బ్యాంకు మేనేజరుగారి కోటొకటి. పదవీ విరమణ సభకి తొడుక్కోవాలట. అంతకుముందు రెండుసార్లు సీసా చూసి వెనక్కి పోయిన మనిషి. ఆ రోజు మాత్రం కోటు ఒంటి మీద వేసుకుని, అద్దంలో తనని తాను చూసుకుని మురిసిపోతున్నాడు. ఒక్క ఎడమ చెయ్యి మాత్రమే ఇంకా గుండుసూదుల మీద ఉంది. మాస్టరు పెదాల మధ్య నాలుగు సూదులు పట్టుకుని, ఆ చెయ్యి సర్దుతున్నాడు.

"ఇవాళ మీ సీసాతో పన్లేదు మాస్టారూ! కోటు అదిరింది" అన్నాడు మేనేజరుగారు.

మాస్టరు జవాబివ్వలేదు. పొగిడినవాడికి ఆయన జవాబివ్వకపోవడం గుండీలక్క ఎన్నడూ ఎరగదు. తలెత్తి చూసింది. ఆయన పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెట్టాడు. కత్తెర చప్పుడు కాకుండా బల్ల మీద ఆనించాడు. మెల్లగా స్టూలు మీద కూచున్నాడు. నుదురంతా చెమట.

ఆవిడ మిషను ఆపింది.

"ఏమైందండీ?"

"ఏమీ లేదు. నువ్వు కుట్టుకో."

గుండీలక్క మిషను దాటి ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. కుట్టే చొక్కా కాళ్ళకి చుట్టుకుంటే తన్నేసింది. ఆయన జేబులోంచి సీసా లాగి మూత తిప్పింది.

"నోరు తెరవండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మనిషి కళ్ళల్లో అంత భయం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"లాభం లేదే... అవి... పిప్పరమెంట్లు" అన్నాడు, వినీ వినపడకుండా.

"కాదు. మాత్రలే. నాలిక ఎత్తండి."

ఆయన నాలుక ఎత్తాడు. ఆవిడ మాత్ర పెట్టింది. దాని రుచి తగలగానే ఆయన ఆవిడ మొహంలోకి అదోలా చూశాడు.

"ఎప్పట్నించి?"

"మీకు ఎండ దెబ్బ తగిలిన దగ్గర్నించి. మాట్లాడకండి."

అప్పటిదాకా నవ్వాలో భయపడాలో తెలియక నిలబడ్డ మేనేజరుగారు, ఆవిడ మొహం చూసి కారు తాళాలు తీశాడు. ఒక చెయ్యి కుట్టీ, ఒక చెయ్యి కుట్టకా ఉన్న కోటుతోనే కారు నడిపాడు. మలుపు తిప్పినప్పుడల్లా సూదులు గుచ్చుకుని ఆయన అమ్మా అనడం, వెనక సీట్లో మాస్టరు కిక్కురుమనకుండా పెళ్ళాం చెయ్యి పట్టుకుని ఉండడం, ఆ వింత కూడా ఆ రోజే జరిగింది.

ఆస్పత్రిలో మూసుకుపోయిన గొట్టంలో స్ప్రింగు లాంటిదేదో పెట్టారు. వేళకి తీసుకొచ్చారని డాక్టరు అన్నాడు. మర్నాడు మేనేజరుగారు పలకరించడానికి వచ్చి, పలకరింపులయ్యాక మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు.

"కోటు ఎప్పటికవుతుందంటారు?"

"శనివా..." అని మొదలుపెట్టిన మాస్టరు పెళ్ళాం వైపు చూశాడు. "తెలీదండీ" అన్నాడు.

టైలరు నోట ఆ మాట విన్న మేనేజరుగారు మనిషి ఇంకా కోలుకోలేదనుకుని, నర్సుని పిలవనా అని గుండీలక్కని అడిగి, వద్దంటే వెళ్ళిపోయాడు.

మంచం దగ్గర ఇద్దరే మిగిలారు.

"అది నిజం నొప్పని నీకెలా తెలిసిందే? ఇన్నాళ్ళూ అంత బాగా చేశానా, ఈసారి అసలేమీ చెయ్యందే కనిపెట్టేశావు."

"ఏమీ లేదన్నారుగా" అంది గుండీలక్క. "ఇన్నాళ్ళూ ఒక్కసారైనా ఏమీ లేదన్నారా మీరు?"

ఆయన నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు. నిన్నట్నించి ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారిగా వచ్చేసింది. "మళ్ళీ ఎప్పుడైనా నా దగ్గర ఏమీ లేదన్నారంటే చంపేస్తాను" అని ఆయన మంచం పట్టీ మీద తల ఆనించి, పక్క మంచాలవాళ్ళు తొంగి చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది.