పెట్టెబండిలో రేణుక వాటా

మిర్యాలగూడలో నేను బడికి నడిచే దారిలో బ్యాటరీల దుకాణం ఒకటి ఉంది. పొద్దున్నే షట్టరెత్తి, చార్జింగు పెట్టిన లారీ బ్యాటరీల మూతలు తీసి వరసగా పెడతారు. గొంతులో గీరుకునే ఆ పుల్లటి వాసన రోడ్డు మీదికి వస్తుంది. మిల్లుల వైపు నుంచి వచ్చే ఉడికిన వడ్ల వాసన దాన్ని కాస్త కప్పుతుంది గానీ నా ముక్కును మోసం చేయలేదు. తోటి టీచర్లు కొంగు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోతారు. నేను మాత్రం తొమ్మిదేళ్ళ పిల్లనైపోయి, రేకు గోడకు వీపు ఆనించి, చెల్లెలి ఊపిరి వింటూ కూర్చుంటాను.

మా నాయిన కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగు చేసేవాడు. సూర్యాపేటలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆయన దుకాణం పోయింది. దుకాణం లేకపోతే మోటార్లు మన దగ్గరికి రావు, మనమే మోటార్ల దగ్గరికి పోదాం అన్నాడు. అలా పుట్టింది మా పెట్టెబండి. పాత సామాన్ల అంగట్లో దొరికిన రెండు చక్రాల మీద, పైపులు వంచి, రేకులు అతికి, ముందు గుండ్రంగా, వెనక జారుగా తాబేలు డిప్పలాంటి పెట్టె ఒకటి చేసి మా ముసలి జీపుకు తగిలించాడు. వెనక తలుపు పైకెత్తితే అమ్మ వంటిల్లు, లోపల పలకల మీద అగ్గిపెట్టెలో పుల్లల్లా మేం నలుగురం, పలకల కింద అరలు. వాడకట్టు వాడకట్టంతా వచ్చి నవ్వింది. నాయినకు నవ్వులు ఎక్కవు, ఆయన చెవులు ఎప్పుడూ మోటారు చప్పుడు మీదే ఉండేవి.

రేకు కొనకముందే వాకిట్లో సుద్దముక్కతో బండి మొత్తం గీశాడు. నన్నూ, చెల్లెలు రేణుకనూ ఆ గీతల మధ్య పడుకోబెట్టి కొలత చూశాడు. రేణుక కితకితలు పెట్టినట్టు నవ్వి నవ్వి చివరికి దగ్గులో పడింది. ఆ పిల్లకు పుట్టుకతోనే ఆయాసం. దుమ్ము తగిలినా, మంచు తగిలినా పక్కటెముకలు లోపలికి పీక్కుపోయేవి. ఆవిరి మిషను ఎప్పుడూ దగ్గరుంచుకోవాలని దవాఖానలో చెప్పారు. మిషనుకు కరెంటు కావాలి, మేం పోయే ఊళ్ళలో కరెంటు చుట్టపుచూపుగా వచ్చి పోయేది. అందుకని నాయిన రెండు బ్యాటరీలకు చోటు గీశాడు, జీపు స్టార్టు కావడానికొకటి, పెట్టెలో ఇన్వర్టరుకొకటి. గీతల చుట్టూ తిరుగుతున్న అమ్మ ఒక్కచోట ఆగిపోయింది.

"మరి వడ్లు ఏడ బోస్తవ్?" అంది.

రైతులు మజూరీ కింద సగం వడ్లే కొలిచేవాళ్ళు. వాటిని చెమ్మ తగలకుండా దాచుకోకపోతే నాలుగు నోళ్ళు నడవవు. ఇద్దరూ పొద్దుగూకేదాకా వాదులాడుకుని, రెండో బ్యాటరీ చోటును వడ్ల డబ్బాకు ఇచ్చేశారు. జీపుకూ ఇంటికీ ఒకటే బ్యాటరీ అయింది. దాని బదులు అమ్మ ఒక కట్టడి పెట్టింది. బ్యాటరీలో సగం రేణుకది, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. నాయిన గోడకు ముల్లు మీటరొకటి బిగించి, సగం దగ్గర గోళ్ళరంగుతో ఎర్రగీత పెట్టాడు. ముల్లు ఆ గీత దగ్గరికి వస్తే చాలు, అమ్మ బల్బు ఆర్పేసేది, ఫ్యాను కట్టేసేది, రేడియోకైతే ఆ ఇంట్లో పుట్టగతులే లేవు. మూకుట్లో పోపు మాడినా సరే, ముందు మీటరు చూసి తరవాత మూకుడు చూసేది.

బడి ఉన్నన్నాళ్ళు మమ్మల్ని సూర్యాపేటలో నాయిన వాళ్ళ అన్న ఇంట్లో ఉంచేవాళ్ళు. సెలవులొస్తే మా రాజ్యం పెట్టెబండి. ఎండాకాలం పెద్దవూర దిక్కు, దసరాకు నడిగూడెం దిక్కు. వైండింగుకు పూసే వార్నిషు వాసన, వరిపొలాల పచ్చి వాసన, అమ్మ వెనక తలుపు కింద కాల్చే మక్క కంకుల వాసన కలగలిసి ఉండేవి. నాయిన విప్పి పడేసిన రాగితీగతో రేణుకా నేనూ ఉంగరాలూ కడియాలూ చేసుకుని, వేపచెట్టు కింద కచ్చకాయలు ఆడేవాళ్ళం. ఓడిపోయినప్పుడల్లా ఆ దొంగమొహంది ఉత్తుత్తి ఆయాసం తెచ్చుకునేది. అమ్మ నిజమనుకుని పరుగెత్తుకొస్తే కిచకిచా నవ్వేది. నేను ఓడిన ఆటలన్నీ అట్లా ఓడినవే.

ఆ దసరా సెలవుల్లో సద్దుల బతుకమ్మనాటికి మేం నడిగూడెం అవతల ఒక ఊళ్ళో ఉన్నాం. పండక్కి ఆడబిడ్డలందరూ పుట్టిళ్ళకు చేరారు. అమ్మకు అమ్మానాన్నా పోయారు, తోడబుట్టినవాళ్ళు లేరు, రమ్మని పిలిచే గడప లేదు. ఆ సంగతి ఎట్లా తెలిసిందో, సోమక్క అనే పెద్దావిడ పొద్దున్నే వచ్చి, ఈ ఏడు నువ్వు మా ఊరి ఆడబిడ్డవు అని అమ్మ చేతిలో తంగేడు పూలూ గునుగు పూలూ పెట్టింది. అమ్మ ముఖం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు. చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది చేసి, రొట్టెలు నలిపి బెల్లం వేసి మలీద ముద్దలు కట్టింది. ఊరి బతుకమ్మల పక్కన మా బతుకమ్మ చిన్నదే. సోమక్క దాన్ని తీసి నడిమధ్యన పెట్టించింది.

మధ్యాహ్నమే ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. పొద్దు వాలాక మా పెట్టెబండి ఆపిన వాకిట్లోనే ఆడవాళ్ళు రెండు పాటలు పాడేసరికి ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా పోయింది. నాయిన దగ్గర పనికి వాడే ఫోకసు లైటు ఉందని ఎవరో అన్నారు. అందరూ అమ్మ వైపు తిరిగారు. నాయిన మీటరు వైపు చూసి, ముల్లు గీత దగ్గర ఆగదని అమ్మకు మెల్లగా చెప్పాడు. పొద్దుటి నుంచి ఆడబిడ్డా ఆడబిడ్డా అని పిలిపించుకున్న మనిషి, ఆ ఊరి ఆడవాళ్ళకు లేదని ఏ నోటితో అంటుంది?

"జర సేపే గద. పిల్ల మంచిగనే ఉన్నది. ఎయ్యి," అంది అమ్మ.

వాకిలంతా తెల్లగా వెలిగింది. రేణుక కొత్త లంగా వేసుకుని చప్పట్లు తప్పు కొడుతూ నా ముందు తిరిగింది. ఒక పాట ఇంకో పాటను లాక్కొచ్చింది. కాళ్ళ కింది దుమ్ము ఆ వెలుతురులో లేచి నిలబడటం నాకు కనబడుతూనే ఉంది, బాగుందనుకున్నాను. లైటు ఎర్రబడి ఆరిపోయేసరికి, బల్బు పోయిందనుకుని ఆడవాళ్ళు బతుకమ్మలెత్తుకుని చెరువుకు కదిలారు. అప్పుడు రేణుక నా చెయ్యి పట్టుకుంది. ఆటలో ఓడనప్పుడు కూడా ఆయాసం తెచ్చుకుంటుందేమిటని ఒక్క క్షణం అనిపించింది.

మిషను గుర్రుమని మొదలై, నాలుగు గుటకల ఆవిరి ఇచ్చి ఆగిపోయింది. నాయిన జీపెక్కి తాళం తిప్పాడు. టక్కుమంది, అంతే. ఉన్న ఒక్క బ్యాటరీలో ఇంటి సగమూ లేదు, పిల్ల సగమూ లేదు, జీపుకు కావలసిన చిటికెడూ లేదు. అమ్మ వేసిన కేకకు చెరువుకు పోయిన ఆడవాళ్ళు వెనక్కి పరుగెత్తుకొచ్చారు. పట్టుచీరలు నడుముకు దోపి, గాజులు చిట్లుతుంటే, పెట్టెబండిని విడదీసి జీపును బురదబాటలో నెట్టారు. సోమక్క రెండుసార్లు మోకాళ్ళ మీద పడి లేచింది. ఎంతోసేపటికి ఇంజను అందుకుంది. కోదాడ దారి పొడుగునా అమ్మ ఆ పిల్ల నోట్లోకి తన ఊపిరి ఊదుతూనే ఉంది. నేను రేణుక పాదాలు పట్టుకుని కూర్చున్నాను, అవి చల్లబడుతున్నాయని ఎవరికీ చెప్పలేదు, చెప్తే నిజమైపోతుందని భయం. కోదాడ ఊరంతా కరెంటుతో ధగధగలాడుతోంది. "ఇంకాస్త ముందు తీసుకొచ్చుంటే బాగుండేదండీ," అన్నాడు దవాఖానలో డాక్టరు, చాలా మర్యాదగా. ఆ మర్యాదను నేను ఈనాటికీ క్షమించలేదు.

నాయిన మళ్ళీ పెట్టెబండి ఎక్కలేదు. రేకులు విప్పి అమ్మేశాడు, కొన్నాళ్ళు ఒక మిల్లులో కుదిరి, ఇప్పుడు ఏ పనీ లేక సూర్యాపేట ఇంటి అరుగు మీద కూర్చుంటున్నాడు. ఇప్పుడా ఊళ్ళలో కరెంటు పోదు, మోటార్లు అప్పట్లా కాలవు, కాలినా పారేసి కొత్తవి తెచ్చుకుంటారు. రాగితీగ కడియాలు చేసుకునే పిల్లలు లేరు. మజూరీకి వడ్లు కొలిచే రైతూ లేడు.

ఆ ఊరి ఆడవాళ్ళు మాత్రం అమ్మను వదల్లేదు. అప్పటి నుంచీ ఏటా పండగ మర్నాడు సోమక్కా, ఇంకో ఇద్దరూ సద్ది మూట కట్టుకుని బస్సెక్కి సూర్యాపేట వస్తారు, మా ఊరి ఆడబిడ్డ అని చీర పెట్టిపోతారు. పాత జీపు మొరాయించింది, పిల్లకు అంతే రాసిపెట్టి ఉంది అని వాళ్ళ నమ్మకం. ఆ లైటు దేనితో వెలిగిందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. పోయిన దసరాకు సోమక్క వంగిపోయిన నడుముతో వచ్చి, అమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ ఏడు నువ్వు లైటు పెట్టకుంటే మా బతుకమ్మ చీకట్లనే పోతుండె బిడ్డా. నీ చెయ్యి సల్లగుండ," అంది.

ఆ లైటు సంగతి చెప్పేద్దామనే లేచాను. అమ్మ నా వైపు చూడకుండానే నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టి, సోమక్కకు బొట్టు పెట్టి పసుపు ఇచ్చింది. వాళ్ళను బస్సెక్కించి వచ్చాక, ఎన్నేళ్ళిట్లా దాస్తావని దాదాపు అరిచాను. అమ్మ వాళ్ళు తెచ్చిన సద్దిని గిన్నెల్లోకి సర్దుతోంది.

"జెప్పకు," అంది. "ఆ ఊర్ల ఆడపిల్లలున్నరు. జెప్తె ఇగ ఎన్నడు బతుకమ్మ ఆడరు."

సర్దడం అయిపోయాక మలీద ముద్ద ఒకటి నా చేతిలో పెట్టింది. నేను తిన్నాను.