తెల్ల అంచు ఆకులు

కాట్పాడి రోడ్డు నర్సరీలో నిన్న ఒక జేడ్ మొక్క కనిపించింది. దళసరి ఆకులు, మధ్యలో పచ్చ, అంచంతా వెన్నలాంటి తెలుపు. తీసుకెళ్లమని నర్సరీ ఆయన బతిమాలాడు. ఇంట్లో చోటు లేదని అబద్ధమాడి వచ్చేశాను. చోటుకేం, కిటికీ ఖాళీగానే ఉంది. నాకే ఓపిక లేదు.

అలాంటిదే ఒకటి వేలూరులో మా అద్దె ఇంటి కిటికీలో రెండేళ్లు పెంచాను. దాన్ని పెంచడమంటే చాలావరకు దాని జోలికి పోకుండా ఉండటమే. మట్టి పూర్తిగా ఎండాక నీళ్లు, కాస్త పొద్దుటి ఎండ, అంతే. కాకపోతే అప్పుడప్పుడూ తెలుపు లేని ఉత్త పచ్చకొమ్మ ఒకటి వస్తుంది. దాన్ని వెంటనే కత్తిరించకపోతే మొక్కంతా పచ్చబడిపోతుంది. అలాంటి కొమ్మ వచ్చి నెలయినా, ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పడానికే ఆయాసపడే నేను రేపు చూద్దాంలే అనుకుంటూ గడిపేశాను.

ఆ రోజుల్లోనే మా పెద్దమ్మ గుడియాత్తం నుంచి కంటి ఆపరేషన్‌కి మా ఇంటికి వచ్చింది. నలభై ఏళ్లు లుంగీలు నేసిన మనిషి. పోగుల రంగులు తేడా తెలియక మగ్గం దిగి ఏడాదయింది. ఆపరేషన్ అయ్యాక చూపు వచ్చిందని డాక్టరు చెప్పినా నమ్మలేదు. మళ్లీ మగ్గం ఎక్కగలనా అన్నదొక్కటే ఆమె దిగులు. ఒక సాయంత్రం నేను వచ్చేసరికి కిటికీ కింద ఆకుల కుప్ప. మొక్కకు ఆ ఉత్త పచ్చకొమ్మ తప్ప మిగతావన్నీ బోడి. గుడ్డలో రంగు తప్పిన పోగుల్ని ఏరినట్టు, తెలుపున్న ప్రతి ఆకునూ ఏరేసింది.

"రోగం పట్టిన ఆకులు నాయనా, అన్నీ తీసేసినా. నువ్వే చూడు, ఒక్క పచ్చాకన్నా పోయుండాదా?"

తన కళ్లకు తనే పరీక్ష పెట్టుకుని, గట్టెక్కానా అని నన్ను అడుగుతోంది. అలసటలో నాకది తట్టలేదు. కళ్లు కనబడనప్పుడు ఊరికే కూర్చోవచ్చు కదా అని విసుక్కున్నాను. "పరవాయిల్లే, పోనీలే," అంది. మర్నాడు పొద్దున్నే గుడియాత్తం బస్సెక్కింది.

ఆమె వెళ్లాక ఆకులు ఊడుస్తూ చూశాను. వెంట్రుకంత తెల్ల అంచు ఉన్నదాన్ని కూడా వదల్లేదు. పచ్చాకు ఒక్కటీ తెంపలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఫోన్ చేసి చెబుదామనుకున్నాను, ఆ ఆదివారం, ఆపై ఆదివారం, అలా వాయిదా వేస్తూనే పోయాను. చివరికి చేస్తే పెద్దనాన్న ఎత్తాడు.

"మగ్గం వేరేవాళ్లకి ఇచ్చేస్తిమి నాయనా. కండ్లు ఇంకా కుదరలేదంట కదా, నువ్వే చెప్తివంట."

ఆమె చూపు ఎంత బాగుందో చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషానికి తీరిక దొరకలేదని నెలన్నర గడిపాను.