గొట్టంలో నాలుగు నల్ల వలయాలు

నా టెలిస్కోపు గొట్టం, రొయ్యల గుంటకు వేయగా మిగిలిన పైపు ముక్క. ఇచ్చినవాడు మా ఆవిడ తమ్ముడు. మొదటిసారి అందులోంచి చంద్రుణ్ణి చూసి, "మజ్జిగ బాగుండాది బావా, ఉప్పే తగ్గింది" అన్నాడు.

నిజమే. లెన్సు మంచిదే కానీ, పోర్టు లైట్ల వెలుతురు పక్కనుంచి దూరి, పైపు లోపలి తెల్లగోడల మీద చెదిరి చంద్రుణ్ణి మజ్జిగలా తెల్లగా కప్పేస్తోంది.

"ఆదివారం మళ్లీ వస్తా. అప్పటికీ మజ్జిగే అయితే పైపు నేను తీసకపోతా."

ఆరు నెలలు వెతికి తెచ్చుకున్న లెన్సుకు అంత సరిగ్గా సరిపోయే పైపు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? మర్నాడే, ఆ పక్క వెలుతురును ఆపడానికి పాత క్యాలెండరు అట్ట మీద కంపాస్‌తో నాలుగు వలయాలు గీసి కత్తిరించాను. లెన్సు నుంచి కంటి వైపు వచ్చేకొద్దీ వెలుతురు గరాటులా సన్నబడుతుంది కనుక, వలయాల రంధ్రాలూ వరసగా చిన్నవి చేశాను. వాటిని మూడు గొడుగు ఊచలకు గుచ్చి బోనులా బిగించాను. మెరవని నలుపు కోసం మా ఆవిడ ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి మసి పట్టింది.

"ఇన్నేళ్లకు నాకు కాటుక చేయిస్తన్నారనుకున్నా. పైపుకా?" అంది.

ఆదివారం ప్రార్థన నుంచి రాగానే బోనును గొట్టంలోకి తోసి, పవర్ ప్లాంటు పొగగొట్టం వైపు తిప్పాను. మిట్టమధ్యాహ్నం మునిమాపులా కనిపించింది. బోను బయటికి లాగి చూస్తే అన్నిటికన్నా చిన్న రంధ్రం లెన్సు పక్కన ఉంది. తిరగబడకూడదనే ఒక ఊచ మీద బాణం గుర్తు గీసుకున్నాను. తర్వాత ఆ బాణం మీదే శ్రద్ధగా మసి పూశాను. బోను తిప్పి సరిగ్గా తోశాక, డైరీలో ఈ సంగతి రాస్తుంటే నవ్వుకి అక్షరాలు వంకర పోయాయి.

పొద్దు గూకగానే బావమరిది వచ్చాడు. "ఏంది బావా, పైపు కడిగి పెట్టినావా?"

గొట్టాన్ని చంద్రుడి వైపు తిప్పాను. కన్ను ఆనించాడు. ఎంతసేపటికీ తీయడే.

"గుంటలుండాయి బావా."

"ఉంటాయి."

"ఇన్ని గుంటలుండాయి, ఒక్కదాంట్లోనూ నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్ లేదే. రొయ్యలెట్ట బతకతాయి?"

"రేయ్, జరుగు, నేను చూడాల" అంది మా ఆవిడ. అతను జరగలేదు.

చివరికి తల ఎత్తాడు. నా మసిచేతులతో పట్టుకున్న కంటికటకం అంచు, అతని కన్ను చుట్టూ గుండ్రంగా అచ్చు దిగింది. మా ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంతకన్నా పొడుగు పైపు ఇంకోటుండాది బావా. రేపు తెస్తా" అని బండెక్కి, ఆ కన్నుతోనే బజారు మీదుగా ఇంటికి పోయాడు. మేమిద్దరం ఏమీ చెప్పలేదు.