ద్రాక్షతోటల దారిలో సంతోషం గారు

కెనడాలో, మిల్టన్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో, ఏసు చివరి విందును తలచుకుంటూ నెలకోసారి ప్రభువు బల్ల జరిగినప్పుడు పులియని ద్రాక్షరసపు చిన్న కప్పులను పళ్లెంలో పెట్టి అందరికీ అందించేవారు సంతోషం గారు. నరసాపురం నుంచి వచ్చి గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆయన ఏనాడూ మద్యం ముట్టలేదు. అయినా వేసవి శనివారాల్లో తన పాత వ్యాన్‌లో విద్యార్థులను నయాగరా వైపు ద్రాక్షతోటల్లో వైన్ తయారుచేసి రుచి చూపించే వైనరీలకు తీసుకువెళ్లేవారు.

పక్క ఊరు గ్వెల్ఫ్‌కు చదువుల కోసం మన పిల్లలు వెల్లువలా వచ్చిపడిన ఏళ్లవి. ఒక సాయంత్రం ఆ తోటల పక్క రోడ్డు మీద మృదుల అనే విద్యార్థిని ఒంటరిగా నడుస్తూ ఆయనకు కనిపించింది. తాగిన స్నేహితుడు డ్రైవ్ చేస్తానంటే కారు దిగిపోయిందట. ఆమెను ఇంటికి చేర్చిన మరుసటి వారమే వ్యాన్ మొదలైంది.

"వాళ్లు ఎలాగూ వెళ్తారమ్మా. క్షేమంగా తిరిగి రావాలి కదా," అనేవారు నాతో. లా పూర్తి చేసి లైసెన్స్ పరీక్షలకు చదువుతున్న నేనూ అప్పుడప్పుడు ఆ వ్యాన్ ఎక్కేదాన్ని.

వేసవి చివర, ఒక సెప్టెంబరు శనివారం వెళ్లేసరికి కాయ నల్లబడి, తోటల వాలు చివర సరస్సు నీలంగా మెరుస్తోంది. వైనరీ అమ్మాయి గ్లాసులో ఎర్ర వైన్ పోసి, ముందు వాసన చూడమంది. మాతో వచ్చిన విద్యార్థులు జయదేవ్, స్పందన ఒకే గ్లాసు పంచుకుంటున్నారు.

"ఎంగిలి చేశావంటే చూడు!" అంది స్పందన.

జయదేవ్ తల వెనక్కి వంచి, చెంబుతో నీళ్లు తాగినట్టు గ్లాసు పైకెత్తి నోట్లో పోసుకున్నాడు. వెడల్పాటి గ్లాసు, వైన్ అంతా గడ్డం మీదుగా తెల్ల చొక్కాలోకి దిగింది. వైనరీ అమ్మాయి సీసాతో అలాగే నిలబడిపోయింది.

"ఒరేయ్, అదేమన్నా మీ ఇంటి చెంబా!" అని అరిచింది స్పందన.

సంతోషం గారు నవ్వుతూ ఒక చేత్తో గ్లాసు అందుకుని, రెండో చేత్తో వాడి చొక్కా తుడిచారు. స్పందన ఫోటో తీసి పోస్ట్ చేసింది. అందులో జయదేవ్ భుజమే పడింది. మిగిలింది ఎర్ర గ్లాసుతో నవ్వుతున్న సంతోషం గారు.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద వీర్రాజు గారు ఆయనను పక్కకు పిలిచారు. నేనూ వెళ్లాను.

"మీరు తాగరని నాకు తెలుసు బ్రదర్. ఆ ఫోటో చూసినవాళ్లకి తెలీదు కదా. వ్యానైనా ఆపండి, పళ్లెమైనా వదిలేయండి."

"తప్పు లేదని మీరే అంటూ శిక్ష వేస్తారా అంకుల్?" అన్నాను.

"ఊరుకో తల్లీ, ఇది కోర్టు కాదు," అన్నారు సంతోషం గారు.

ఈ సంఘం ఎవరిదో బేస్‌మెంట్‌లో మొదలైన నాటి నుంచీ ఆ పళ్లెం ఆయన చేతుల్లోనే ఉంది.

"పళ్లెం పట్టడానికి ఇక్కడ చాలామంది ఉన్నారు వీర్రాజు గారూ. వ్యాన్‌కి నేనొక్కణ్ణే."

బయటికి రాగానే, సంఘానికి అప్పీల్ చేద్దామన్నాను.

"నువ్వు గెలుస్తావులే. అప్పుడు వీర్రాజు గారు తల దించుకోవాలి. అది నేను చూడలేను."

తర్వాతి బల్ల రోజున ఆయన వెనక వరుసలో నా పక్కన కూర్చున్నారు. పళ్లెం వీర్రాజు గారే పట్టారు. అలవాటు లేని చేతుల్లో కప్పులు గలగలలాడుతున్నాయి. మా వరుస దగ్గర పళ్లెం ఒరిగింది. సంతోషం గారు చప్పున కింద అరచెయ్యి పెట్టి నిలబెట్టారు.

"ఎడం చెయ్యి మధ్యకి జరపండి," అన్నారు మెల్లగా.

వీర్రాజు గారి కళ్లు చెమర్చాయి. "ముందు మీరు తీసుకోండి బ్రదర్."

ఎప్పుడూ అందరికీ ఇచ్చాక చివర మిగిలిన కప్పు తాగే మనిషి, ఆ రోజు అందరితో కలిసి తాగారు.