రమణి కాల్చిన దవడ ముక్క

సోంబరుది హుకుంపేట దగ్గర కొండ మీది ఊరు. అడ్డాకులు కోస్తుంటే ఎలుగుబంటి మీదపడి కింది దవడ చీల్చింది. రెండు వేళ్ల మేర ఎముక పోయింది. గాయం మానినా నమలడం పోయింది. చోడి (రాగి) అంబలి మీదే బతుకుతున్నాడు. ఆ ఖాళీలో పింగాణీ ఎముక అమరుస్తామని విశాఖ డాక్టర్లు చెప్పారు. దాన్ని తయారుచేసే పని అరకులోని మా పింగాణీ వర్క్‌షాపులో రమణికి వచ్చింది.

రమణిదీ ఆ ఊరే. పదో తరగతి తర్వాత ఇక్కడ గిన్నెలు కడిగే పనికి చేరింది. చూసి చూసి పని పట్టేసింది. ఇప్పుడు పొడి కలపడం, అచ్చులో నొక్కడం, కొలిమిలో కాల్చడం అన్నీ ఆమే చేస్తుంది.

ముక్క తయారైందని తెలిసి సోంబరు చూడ్డానికి వచ్చాడు.

"రాయి పెడతావేటే గుంటా నా దవడకి?"

"రాయి కాదు మావా. ఎముకలో ఉండే సరుకే. ఉత్తిదయితే సుద్దముక్కలా ఇరిగిపోద్ది. అందుకే గట్టిదనానికి జిర్కోనియా పొడి కలిపినాను. సివర్లు బొరియలుగా ఉంచినాను, నీ ఎముక లోపలికి పాకడానికి."

ముక్క తెల్లగా, నడుమ నున్నగా ఉంది. కానీ దాన్ని కాల్చిన రోజు కొలిమి చల్లారుతుండగా వానకు కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు వేడి ఒక్కసారిగా పడిపోయింది. లోపల పగులు పట్టిందేమోనని రమణికి అనుమానం. ముక్క నడుమ స్పిరిట్ రాసింది. అంతా ఆరిపోయింది. ఒక్కచోట మాత్రం వెంట్రుకంత తడి గీత మిగిలింది.

"పగిలింది మావా. మళ్లీ సెయ్యాలి."

"ఆ గీతకేటి! ఎల్లుండే కదేటే ఆపరేషను. అంబలి తాగి తాగి నోరు సచ్చిపోనాది. ఇచ్చీయే."

"నీ నోట్లో ఇరిగితే?"

"ఎలుగ్గొడ్డు ఇరగ్గొట్టలేదేటి?"

"దానికి తెలీదు మావా. నాకు తెలుసు."

సుత్తి తీసి ఒక్క దెబ్బ వేసింది. ముక్క రెండయింది. సోంబరు కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. ఆపరేషను వాయిదా వేయమని రమణే డాక్టర్లకు ఫోన్ చేసి చెప్పింది.

ఈసారి ముందు కరెంటు పోగానే అందుకునేలా జనరేటర్ బాగుచేయించి, తర్వాతే కొలిమి వెలిగించింది. వేడి నెమ్మదిగా ఎక్కించింది, అంతకంటే నెమ్మదిగా దించింది. స్పిరిట్ రాస్తే నడుమ ఎక్కడా తడి నిలవలేదు. ముక్క విశాఖ వెళ్లింది.

ఆపరేషను అయిన కొన్ని నెలలకు, కాఫీ పళ్లు కోసే రోజుల్లో సోంబరు ఎక్స్‌రే పట్టుకుని వచ్చాడు. నోట్లో వేయించిన శెనగలు నములుతున్నాడు. ఫిల్మును కిటికీకి ఆనించి అడిగాడు.

"నీది యెక్కడ ఆగినాదో, నాది యెక్కడ మొదలైనాదో సూపించే."

రమణి చాలాసేపు చూసింది. రెండు చివర్లా ఎముక బొరియల్లోకి పాకి కలిసిపోయింది. అంచు దొరకలేదు.

"ఏటే, నువ్వు సేసిందే నువ్వు పోల్సలేవా?"

"పోల్సలేను మావా," అంది రమణి. ఆ మాట అంత గర్వంగా అనడం మేమెవరం అంతకుముందు వినలేదు.